జాజు కింద ఎరుపు

మా బావగారంటే నాకు గిట్టదు. ఈ మాట మొదటే చెప్పేస్తే చదివేవాళ్ళకు నా సంగతి తెలిసిపోతుంది. ఆయన మా ఆయనకు తండ్రి తర్వాత తండ్రంతటి అన్న. పిట్టలవానిపాలెంలో అన్నదమ్ములిద్దరి పొలమూ తన చేతి మీదుగా సాగు చేయించే పెద్దమనిషి. ఊళ్ళో ఎవరికి పెళ్ళి కుదిరినా, ఎవరికి జ్వరం వచ్చినా ముందు ఆయన చెవిన వేయాలి. ఆయన మాటకు ఎదురు చెప్పడమనేది ఆ ఇంట్లో లేదని నాకు పెళ్ళిచూపుల నాడే చెప్పారు, అదేదో నా అదృష్టమన్నట్టు.

మేం బాపట్లలో ఉంటాం. నేను ఒక ప్రైవేటు స్కూల్లో సోషల్ చెబుతాను. మా ఆయనకు ఎరువుల కొట్టుంది. నాట్ల రోజులొస్తే కొట్టు గుమాస్తాకు అప్పగించి అన్నగారింటికి మకాం మారుస్తాడు. పొద్దస్తమానం బురదలో నిలబడి కాలి వేళ్ళ సందులు నానిపోతాయి, తెల్లగా ఉబ్బి చీలతాయి, దురద పెడతాయి. దానికి మందుల షాపులో ఒక ట్యూబు కొనుక్కొచ్చి రాసేవాడు. రాసిన రోజు దురద తగ్గేది, మర్నాటికి మళ్ళీ మొదలయ్యేది. ఏ డాక్టరు రాసిచ్చాడని అడిగితే షాపాయన ఇచ్చాడనేవాడు. ఆ షాపాయన బావగారి స్నేహితుడు కాబట్టి ఇంక మాట్లాడ్డానికేం లేదు.

ఆ ఏడు నాట్లు సగంలో ఉండగా ఫోన్ చేసి, చలిజ్వరం వచ్చిందనీ, గజ్జల్లో బిళ్ళ కట్టిందనీ చెప్పాడు. కాలేమైనా నొప్పిగా ఉందా అంటే కొంచెం ఎర్రగా ఉందన్నాడు. బాపట్ల వచ్చేయమన్నాను. అన్నయ్యతో చెప్పి వస్తానన్నాడు. ఆ తర్వాత ఎన్నిసార్లు చేసినా ఫోన్ ఎత్తలేదు. చివరికి బావగారు ఎత్తారు.

"ఏం లేదమ్మా, సర్పి లేచింది. జాజు వేయించాం. నువ్వు కంగారుపడి బయల్దేరమాకు" అన్నారు.

ఆ వైపు వాళ్ళకు ఒంటి మీద ఏ ఎరుపు లేచి పాకినా సర్పే. అది పాములా పాకుతుందంటారు. చుట్టూ తిరిగొచ్చి తలా తోకా కలుసుకుంటే మనిషి దక్కడంటారు. అందుకని రేపల్లె అవతలి ఊరి నుంచి ఒక ముసలాయన్ని బండి మీద ఎక్కించుకొస్తారు. ఆయన జాజు, అంటే గోడలకు, గడపలకు పూసే ఆ ఎర్రమన్ను, మెత్తగా నూరి ఆముదంలో కలిపి, ఎరుపు పాకినంత మేరా పూస్తాడు. పాము దాటకుండా పైన ఒక కట్టు గీస్తాడు. పూతకు నియమాలుంటాయి. నీళ్ళు తగలకూడదు. మైలలో ఉన్న ఆడది ఆ గదిలోకి పోకూడదు. అన్నిటికన్నా ముఖ్యం, పూత ఉండగా ఒంటి మీద సూది పడకూడదు. పడితే విషం లోపలికి తిరుగుతుందట. వైద్యానికి అడ్డుపడడమే ఆ వైద్యంలో పెద్ద నియమం. దీన్ని కనిపెట్టినవాడెవడో గానీ వాడి తెలివికి దణ్ణం పెట్టాలి.

స్కూల్లో సెలవు చెప్పి మధ్యాహ్నం బస్సుకు వెళ్ళాను. మా ఆయన పడమటింట్లో మంచం మీద ఉన్నాడు. కుడికాలు పాదం నుంచి మోకాలి దాకా ఇటుక రంగులో ఉంది, అప్పుడే అలికిన అరుగులాగ. వేళ్ళు ఉబ్బి ఒకదానికొకటి అతుక్కుపోయాయి. మోకాలి కింద ముసలాయన గీసిన కట్టు అంగుళం మందాన ఉంది. మనిషి పళ్ళు కొరుకుతూ వణుకుతున్నాడు, మాట ముద్దగా వస్తోంది. పూత మీద చెయ్యి పెట్టాను. పొయ్యి మీంచి దించిన గిన్నెలా కాలుతోంది.

నిన్నటికీ ఇవాళ్టికీ ఎరుపు ఎంత దూరం పాకిందని అడిగాను. ఎవరూ చెప్పలేకపోయారు. చెప్పడానికి వీల్లేకుండా చేశారు కదా. ఎరుపును కనిపెట్టుకుని ఉండాల్సిన చోట ఎర్రరంగు పూసిపెట్టారు. పైగా కట్టు దాటలేదు చూడమని మా తోడికోడలు నాకు ధైర్యం చెప్పింది. జాజు గీత జాజు గీత మీదే ఉంది మరి, అదెక్కడికి పోతుంది? నా ఒళ్ళు మండిపోయింది.

ఆస్పత్రికి తీసుకెళ్తానన్నాను. మూడో పూత పడేదాకా గడప దాటించకూడదన్నారు బావగారు. కారు తాళం ఇవ్వమన్నాను. ఆయన విననట్టు బయటి మనుషులతో నారు సంగతి మాట్లాడసాగారు. నేనే బస్టాండు దగ్గరి ఆటో ఆయనకు ఫోన్ చేసి రమ్మన్నాను. ఆటో వచ్చి వాకిట్లో ఆగాక బావగారు గుమ్మంలో నిలబడ్డారు. మా ఆయన లేవలేక, నా వైపు కూడా చూడకుండా, అన్నయ్య చెప్పేదాకా ఆగుదామన్నాడు. ఆ జ్వరంలో కూడా ఆయనకు అదొక్కటి మాత్రం స్పష్టంగా గుర్తుంది.

నేను బావగారి ఎదురుగా వెళ్ళి నిలబడ్డాను. పెళ్ళయ్యాక అంత దగ్గరగా ఆయన మొహంలోకి చూడడం అదే మొదలు.

"ఈయనకేమన్నా అయితే మీ పేరు పెట్టి ఏడుస్తాను బావగారూ. ఇంట్లో కాదు, నడివీధిలో" అన్నాను.

ఆయన పక్కకు తప్పుకున్నారు. తమ్ముడి ప్రాణానికి తప్పుకోలేదు, నడివీధికి తప్పుకున్నారు. ఆ తేడా నేను ఈనాటికీ మర్చిపోలేదు. మర్చిపోయే ఉద్దేశం కూడా లేదు.

బాపట్ల ఆస్పత్రులకే పోవచ్చు. కానీ అక్కడి పెద్దాస్పత్రుల్లో బావగారికి తెలియని గుమ్మం లేదు, ఎవరో ఒకరి చేత ఫోన్ చేయించి వెనక్కి తిప్పిస్తారని నా భయం. మా స్కూల్లో టీచరొకామె చెల్లెలికి ఒంటినిండా సెగ్గడ్డలు లేస్తే తెనాలి ఆస్పత్రిలో ఒక చర్మం డాక్టరు తగ్గించిందని విన్నాను. ఆటోను తెనాలి పోనిమ్మన్నాను. దారిపొడుగునా మా ఆయన తల నా భుజం మీదే ఉంది. గతుకు వచ్చినప్పుడల్లా మూలిగాడు. నాకు జాలి వేసింది, కోపం అంతకు రెండింతలు వేసింది.

డాక్టరమ్మ నడివయసు మనిషి, మాట కటువు. దుప్పటి తీసి కాలు చూసి, "నేను ఎరుపు చూద్దామంటే మీరు రంగు చూపిస్తున్నారేంటండి?" అంది.

జాజు కడగడానికి ఇద్దరు నర్సులు పట్టారు. ఆముదంతో కలిసి ఎండిన మన్ను నీళ్ళకు లొంగలేదు. తడిగుడ్డలు వేసి నానబెట్టి కొంచెం కొంచెం తుడిచారు. తుడిచిన చోటల్లా మా ఆయన కేక పెట్టాడు. గుడ్డలు ఎర్రగా వచ్చాయి, అందులో మన్నెంతో నెత్తురెంతో తెలియలేదు. లోపల చర్మం బిగిసి మెరుస్తోంది. చీలమండ పైన నీటిబొబ్బలు చితికి ఉన్నాయి. వాటి మధ్య అరచేతి మేర నల్లగా కందిపోయింది. ఇక ఎరుపు సంగతి. అది ఆ ముసలాయన కట్టును ఎప్పుడో దాటి, మోకాలి మీదుగా తొడలోకి పోయింది. పూత లేని చోట కూడా ఎవరూ గమనించలేదు, అందరి కళ్ళూ ఆ గీత మీదే కదా.

డాక్టరమ్మ పెన్ను తీసి, ఎరుపు ఎక్కడ ఆగిందో ఆ అంచు పట్టుకుని తొడ చుట్టూ ఒక గీత గీసింది. గంట గంటకూ చూస్తామని, ఎరుపు ఈ గీత దాటితే మందు చాలడం లేదని అర్థమని చెప్పింది. గీత అంటే నాకప్పటికే అసహ్యం పుట్టింది. కానీ ఈ గీత దేన్నీ ఆపుతానని చెప్పలేదు, చూడమని మాత్రమే చెప్పింది. రక్తం తీశారు, బొబ్బలో చీము టెస్టుకు పంపారు, చేతికి సెలైన్ పెట్టి యాంటీబయాటిక్ ఎక్కించడం మొదలుపెట్టారు. కాలి కింద దిండ్లు పెట్టి ఎత్తుగా ఉంచారు.

సర్పి కాదా అని అడిగాను, ఎటూ తెలిసిన జవాబే అయినా ఎవరి నోటైనా వినాలని. సర్పి అయితే ఒక నరం దారిలో గుంపులు గుంపులుగా చిన్న పొక్కులు లేస్తాయంది. ఇలా కాలంతా ఒకటే ఎరుపై, నిప్పులా కాలి, చలి పుట్టి, గజ్జల్లో బిళ్ళ కడితే చర్మం కింద సూక్ష్మజీవులు పాకుతున్నట్టట. అవి లోపలికి వచ్చిన దారి కూడా చూపించింది. నాలుగో వేలికీ చిటికెన వేలికీ మధ్య చిన్న చీలిక. షాపు ట్యూబు పేరు చెబితే ఆమె మొహం మాడిపోయింది. అందులో స్టెరాయిడ్ ఉందట. దురద నోరు నొక్కేసి లోపల తామరను పెంచిందట, చీలిక మానకుండా చేసిందట.

అంతా చెప్పి, చివరికి నా వైపు తిరిగి, చదువుకున్నదానివి, ఇన్నాళ్ళూ ఏం చేస్తున్నావమ్మా అంది.

ఆ మాట నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది. పూత వేయించిన మగవాడు వరండాలో ఇస్త్రీ బట్టల్లో నిలబడి ఉన్నాడు. మా వెనకే తన కారులో వచ్చారు బావగారు. నాకు ఇవ్వని కారు అప్పటికి దొరికింది. "మా మరదలు కొంచెం కంగారు మనిషండి" అని కాంపౌండరుతో చెబుతున్నారు. ఆయన్ని ఎవరూ ఏమీ అడగలేదు. చివాట్లు మాత్రం నాకు. డాక్టరమ్మ వైద్యానికి రుణపడి ఉన్నాను గానీ ఆ ప్రశ్నకు మాత్రం ఆమెను క్షమించలేదు.

తెల్లారేసరికి ఎరుపు పెన్ను గీత దాటింది. మందు మార్చారు. నల్లబడిన చోట చర్మం చచ్చిపోయిందని, ఆపరేషన్ చేసి తీసేయాలని, అప్పటికీ ఆగకపోతే కాలు ఉంచలేమని చెప్పి సంతకం పెట్టమన్నారు. బావగారు అప్పుడు కూడా, ఒక్కసారి ఆ ముసలాయన్ని అడిగి చూద్దామన్నారు. నేను సంతకం పెట్టాను. ఆ కాలు ఉంటుందో పోతుందో తెలియని ఆ రోజుల్లో నేను దేవుడికి మొక్కుకోలేదు. బావగారి నోరు పడిపోవాలని మాత్రం కోరుకున్నాను.

మందు మార్చాక ఎరుపు నిలిచింది, తర్వాత వెనక్కి తగ్గింది. చచ్చిన చర్మం తీసి, తొడ మీది చర్మం తెచ్చి అతికించారు. కాలు దక్కింది. మునుపటి కాలు కాదు, లావుగా, మచ్చలతో, సాయంత్రానికి బరువెక్కే కాలు, అయినా కాలే. ఒకసారి ఇలా అయిన కాలికి మళ్ళీ మళ్ళీ వస్తుందని డాక్టరమ్మ చెప్పింది. వేళ్ళ సందులు పొడిగా ఉంచుకోవాలంది, ఆ ట్యూబు పారేయమంది. నెలనెలా పెన్సిలిన్ సూది వేయించుకోవాలని చీటీ రాసిచ్చింది. చాలా పాత మందు, పడుతుందో లేదో పరీక్ష చేసి మరీ నడుముకు వేస్తారు. బాపట్లలోనే, మా ఇంటి వెనక చిన్న క్లినిక్కులో వేయించేదాన్ని. తేదీ గుర్తు పెట్టుకునేది నేను, తోడు వెళ్ళేది నేను.

ఇక్కడితో ఈ కథ అయిపోవాలి. మనుషులు సరైనవాళ్ళయితే అయిపోయేది.

ఇంటికొచ్చాక చూడ్డానికి వచ్చిన చుట్టాలందరికీ బావగారు ఒకటే మాట చెప్పారు. జాజు వేయబట్టి అంతటితో పోయిందట, లేకపోతే మనిషే దక్కేవాడు కాదట. కడిగేశారు కాబట్టే పైకి పాకిందట. అంటే తప్పు కూడా నాదే. ముసలాయనకు పంచెలచాపు పెట్టి పంపారు. మా ఆయన మంచం మీద కూర్చుని ఇదంతా వింటూ అవునన్నట్టు తల ఊపాడు. అదేంటని రాత్రి నిలదీస్తే, పోనీలే, అన్నయ్య మనసు కష్టపెట్టడమెందుకన్నాడు. ఆయన కాలు నిలిపింది నా ఆదుర్దా, అన్నగారి మనసు మాత్రం కందకూడదు.

తర్వాత తెలిసిన సంగతి ఇంకా ఘోరం. నెలనెలా సూది వేయించుకుంటున్నట్టు అన్నకు చెప్పలేదు. నన్ను కూడా చెప్పొద్దన్నాడు. పొలానికి వెళ్ళినప్పుడు అన్నగారు పిలిపించిన ముసలాయన చేత ఆ కాలికి ఒక పూత వేయించుకుని, ఇంటికొచ్చి సబ్బుతో కడుక్కునేవాడు. పైన జాజు, నడుముకు పెన్సిలిన్. రెండూ కలిపి నెట్టుకొచ్చాడు. ఎవరికీ నష్టం లేదుగా అన్నాడు. నేనూ విసిగిపోయి నోరు మూసుకున్నాను.

ఎవరికి నష్టమో మరుసటి నాట్లకు తెలిసింది. ఒక ఆదివారం నేనూ పిట్టలవానిపాలెం వెళ్ళాను. నాట్లు వేసే ఒకామె, ముప్పై దాటి ఉండవు, కుంటుకుంటూ వచ్చి బావగారి అరుగు మీద కూర్చుంది. పాదం మీద ఎరుపు చీలమండ దాకా వచ్చింది. పొద్దున చలి పుట్టిందనీ, గజ్జల్లో బిళ్ళ నొప్పిగా ఉందనీ చెబుతోంది. అచ్చంగా అవే మాటలు. బావగారు విని, సర్పేనని తేల్చి, ముసలాయన కోసం రేపల్లెకు బండి పంపిస్తానని ఆమెకు ధైర్యం చెప్పారు. తర్వాత మా ఆయన్ని పిలిచి, లుంగీ ఎత్తి కాలు చూపించరా అన్నారు.

మా ఆయన లుంగీ ఎత్తాడు. ఆమె వంగి ఆ మచ్చల కాలు చూసి, బావగారికి దణ్ణం పెట్టింది.

నేను మేలుకుని కాపాడిన కాలు అది. ఇంకొకామెను చంపడానికి దాన్ని సాక్ష్యంగా చూపిస్తున్నారు. గుమ్మంలోంచి బయటికి వచ్చాను.

"కాలు కాదండీ, నడుం చూపించండి ఆమెకి. నెలనెలా బాపట్లలో సూది ఎక్కడ వేయించుకుంటున్నారో అది చూపించండి" అన్నాను.

బావగారు నా వైపు చూడలేదు, తమ్ముడి వైపు చూశారు. ఏరా, నిజమేనా అని అడిగారు.

మా ఆయన లుంగీ వదిలేశాడు. నేల చూశాడు.

"లేదన్నయ్యా" అన్నాడు.

ఆ ఒక్క మాటతో నేను అబద్ధాలకోరునయ్యాను. పదిమందిలో, పరాయి మనిషి ఎదుట. బావగారు లోపలికి తిరిగి, బండి తియ్యమని ఎవరినో కేకేశారు. నేను వెళ్ళి ఆమె చెయ్యి పట్టుకున్నాను. తెనాలి తీసుకెళ్తాను, వస్తావా అన్నాను. ఆమె బావగారి వీపు చూసింది. ఆమెకు పని చెప్పేది ఆయన, రేపు పిలవాల్సింది కూడా ఆయనే. అయినా లేచి నా వెంట నడిచింది.

ఎందుకొచ్చావని ఆటోలో అడిగాను. "ఆయన కింద చూసి లేదన్నారు కదండి, అందుకనొచ్చా" అంది.

జాజు పడని కాలు కాబట్టి డాక్టరమ్మ చూడగానే ఎరుపు అంచు దొరికింది. పెన్నుతో గీత గీసింది, ఒక సూది వేసి, మాత్రలు రాసిచ్చి, కాలు ఎత్తి పెట్టుకుని పడుకోమంది. గీత దాటితే వెంటనే రమ్మంది. దాటలేదు. నాట్లు అయిపోకముందే ఆమె వేరే వాళ్ళ చేలో పనికి దిగింది. బావగారు ఆమెను మళ్ళీ పిలవలేదని విన్నాను.

మా ఆయన వారం తర్వాత బాపట్ల వచ్చాడు. వచ్చినవాడు నాతో మాట్లాడలేదు, నేనూ మాట్లాడలేదు. కొట్టుకు వెళ్ళాడు, వచ్చాడు, పెట్టింది తిన్నాడు. ఒకరోజు పొద్దున నేను స్కూలుకు తయారవుతుంటే వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డాడు. కాలు కొంచెం బరువుగా ఉందన్నాడు.

"ఈ నెల సూదికి ఎప్పుడెళ్ళాలి?" అన్నాడు.

"మీ అన్నయ్యనడగండి" అన్నాను. ఫోన్ కలిపి ఇవ్వమంటారా అని కూడా అడిగాను.